ఫోర్డ్ జీపు బోల్టుల మీద ఎఫ్ గుర్తు: ఏవి అసలువి, ఏవి తర్వాత వేసినవి?

గోకవరం_జీపు:

పెద్ద పోస్టు ఇది. ఓపిక ఉన్నవాళ్లే చదవండి, చదివాక మాత్రం సలహా చెప్పకుండా వెళ్లకండి.

మా తాతయ్య కొన్న జీపు. యుద్ధం అయ్యాక మిలిటరీ డిస్పోజల్స్‌లో వేలం వేసిన బళ్లలో ఒకటట, రెండు మూడు చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయనది ఏజెన్సీ సరుకు వ్యాపారం: చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ. గోకవరం నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాకా ఆ జీపే తిరిగేది. తాతయ్య పోయాక నాన్న కొన్నాళ్లు పొలానికి వాడారు. 1991 నుంచి ఇంటి వెనక పాకలో ఉంది. పాక కప్పు సగం పడిపోయాక బానెట్ మీద ఎండ పడుతోందని మా అమ్మ దానిమీద వడియాలు కూడా పెట్టింది.

నేను ఉండేది హైదరాబాదులో. మొన్న దసరా సెలవులకి వచ్చి, దీన్ని ఇప్పుడు లేపకపోతే ఇంకెప్పుడూ లేపలేనని మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు ఒక మెకానిక్‌ని పంపారు. చెయ్యి చాలా స్పీడు. అదే నా కొంప ముంచింది. రెండు రోజుల్లో బంపరు, గ్రిల్లు, మడ్‌గార్డులు, రేడియేటర్, బానెట్ అన్నీ విప్పేసి, వచ్చిన బోల్టులన్నీ 20 లీటర్ల పెయింటు బకెట్లో పోశాడు. "ఇదంతా పాత ఇనుమండీ, కేజీల్లెక్కన ఇచ్చేద్దాం. కొత్త స్టీలు బోల్టులు వేస్తే తళతళలాడుతుంది" అన్నాడు. నాకూ అప్పటికి ఏమీ తెలియదు, సరేనన్నాను.

మూడో రోజు చక్రాల దగ్గరికి వచ్చాం. కుడి పక్క రెండూ ఊడాయి. ఎడమ పక్క నట్లు ఎంత లాగినా తిరగలేదు. పానాకి మూడడుగుల పైపు తొడిగి ఇద్దరు కూర్చుంటే టప్‌మని స్టడ్డు, అంటే ఆ నట్టు ఎక్కే మర కడ్డీ, తెగింది. ఇంకోటి ప్రయత్నిస్తే అదీ తెగింది. అప్పుడు చూశాను, తెగిన ముక్క మీద మర అటువైపు తిరిగి ఉంది. ఎడమ మర! అంటే మేం విప్పడం లేదు, ఇంకా బిగిస్తున్నాం. ఆ రోజుతో పని ఆపించి అతన్ని పంపించేశాను.

ఆ సాయంత్రం బకెట్ ముందేసుకుని కూర్చుంటే అసలు టెన్షన్ మొదలైంది. కిరసనాయిలులో కడిగి చూస్తుంటే ఒక బోల్టు తలమీద వంకర ఎఫ్ కనిపించింది, ఫోర్డ్ కంపెనీ పేరులో ఉండే ఎఫ్ లాంటిదే. ఇంకోటి తీస్తే దానిమీదా ఉంది. మా ఆర్‌సీ పుస్తకంలో మాత్రం "విల్లీస్ జీప్, 1944" అని ఉంది. మొత్తం లెక్కపెట్టాను: 214 బోల్టులు. 37 మీద ఎఫ్ ఉంది. కొన్నిటిమీద 8.8 అని అంకెలు. కొన్నిటి తలమీద మూడు గీతలు. చాలావాటి మీద ఏమీ లేదు, లేదా తుప్పు తినేసింది. ఒకటి మాత్రం వింతగా ఉంది. తల ఆరు పక్కలూ సమానంగా లేవు, ఎవరో చేత్తో చేసినట్టు ఉంది.

సెలవులు అయిపోతున్నాయి, కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఈ బండి విల్లీసా, ఫోర్డా? బకెట్లో ఏవి ఫ్యాక్టరీవి, ఏవి తర్వాత వేసినవి, ఎలా తెలుస్తుంది? ఎఫ్ ఉన్నవి ఉంచుకుని మిగతావి పారేస్తే సరిపోతుందా? వెనక సగం బండి ఇంకా విప్పలేదు. అక్కడైనా నేను జాగ్రత్తగా చేయాల్సింది ఏమిటి?

బీచ్‌రోడ్_బుల్లెట్:

బ్రదర్, ఇంత ఆలోచన ఎందుకు? నా 1962 ఫియట్‌కి మొత్తం స్టెయిన్‌లెస్ వేయించాను. విశాఖ ఉప్పుగాలికి మూడేళ్లయినా చుక్క తుప్పు లేదు. బండి కింద దూరి బోల్టు తల చదివేవాడు ఎవడు? సైజులు రాసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి.

ఆకురాయి:

బుల్లెట్ గారూ, మీ ఫియట్‌కి దొరికాయంటే అది మొదటి నుంచీ మిల్లీమీటర్ల బండి కాబట్టి. ఇది అంగుళాల బండి. దీనికి ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు పట్టుకెళ్లి తిప్పితే రెండు చుట్లు దిగి మూడో చుట్టుకి బిగుసుకుంటుంది. కుర్రాడు "టైటుగా ఉంది, బాగుంది" అని పానా వేస్తాడు. అక్కడితో ఎనభై ఏళ్ల మర పోయింది. ఇంకో మాట, స్టీరింగుకీ స్ప్రింగు షాకిళ్లకీ స్టెయిన్‌లెస్ వెయ్యకండి. బజార్లో దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు, తలమీద 8.8 అని బలం గుర్తున్న మామూలు ఉక్కు బోల్టు కంటే బలహీనం. చదరపు మిల్లీమీటరుకి 450 న్యూటన్ల దగ్గరే సాగిపోతుంది, 8.8 అయితే 640 దాకా ఆగుతుంది. పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద పట్టేస్తే కోసి తియ్యడమే.

గోకవరం బాబూ, నేను 34 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి దిగాను. జీపులు, మోరిస్‌లు, లాండ్‌మాస్టర్లు చేతిమీదుగా పోయాయి. ముందు బండి ఎవరిదో తేల్చుకో. దానికి బోల్టులు అక్కర్లేదు. రేడియేటర్ ఎలాగూ తీశావు కదా, దాని కింద ఛాసిస్‌లో అడ్డంగా ఉన్న కడ్డీ చూడు. గుండ్రటి గొట్టం అయితే విల్లీస్. బోర్లించిన తొట్టిలా పలకగా ఉంటే ఫోర్డ్. తర్వాత ఛాసిస్ పొడవునా ఉన్న రెండు పట్టీల్లో ఎడమదాని మీద నంబరు వెతుకు. విల్లీస్ వాళ్లు బంపరు వెనక, పట్టీ లోపలి పక్కన చిన్న రేకు రివిట్ చేశారు. ఫోర్డ్ వాళ్లు పట్టీ పైభాగాన నేరుగా గుద్దారు, జీపీడబ్ల్యూ అని మొదలవుతుంది. రంగు పొరల కింద ఉంటుంది, ఉలితో గీకకు. రంగు ఊడదీసే స్ట్రిప్పర్ రాసి గుడ్డతో తుడువు.

జీపీడబ్ల్యూలో జీ గవర్నమెంటుకి, పీ 80 అంగుళాల వీల్‌బేస్‌కి ఫోర్డ్ పెట్టుకున్న గుర్తు, డబ్ల్యూ విల్లీస్ డిజైన్‌కి. అంటే డిజైన్ విల్లీస్‌ది, తయారీ ఫోర్డ్‌ది. యుద్ధకాలంలో విల్లీస్ సుమారు 3.6 లక్షలు చేస్తే ఫోర్డ్ సుమారు 2.8 లక్షలు చేసింది. మన దగ్గర జీపు కనబడితే చాలు విల్లీస్ అనేవాళ్లు. ఆర్‌సీ రాసిన గుమాస్తా కూడా అదే రాసి ఉంటాడు. దాన్ని పట్టుకుని వేలాడకు.

ఇక బోల్టులు. తల చదివే ముందు కొలత చూడు. కొలతలు తీసే వెర్నియర్ ఒకటి కొనుక్కో. నీ బకెట్లో ఎక్కువగా ఉండేది 5/16 అంగుళం సైజు. దాని తల రెండు ఎదురు పక్కల మధ్య కొలు. 12.7 మిల్లీమీటర్లు వస్తే అమెరికన్. 13 వస్తే అది 5/16 కాదు, మెట్రిక్ ఎం8. 13.3 వస్తే బీఎస్ఎఫ్, అంటే బ్రిటిష్ సన్న మర బోల్టు. మూడూ పక్కపక్కన పెడితే కంటికి ఒకటే. అందుకే 13 పానా అమెరికన్ బోల్టు మీద వదులుగా కూర్చుంటుంది, లాగితే మూలలు గుండ్రమవుతాయి. మూలలు అరిగిన బోల్టులు కనిపిస్తే అవి పాతవి, పానా కొత్తది అనుకో. తుప్పు తిన్న తల కొలత తప్పు చెప్తుంది కాబట్టి మూడు జతల పక్కలూ కొలిచి పెద్దదే తీసుకో.

తర్వాత మర. స్కేలు ఆనించి అంగుళానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టు. నీ జీపులో 5/16కీ 3/8కీ సన్న మర అయితే 24 ఉంటాయి. బీఎస్ఎఫ్ 5/16కి 22, మెట్రిక్ ఎం8కి 20 పైచిలుకు. లెక్క కష్టమైతే ఇంకో దారి ఉంది. ఖాయంగా ఎఫ్ ఉన్న బోల్టు ఒకటి, అనుమానపు బోల్టు ఒకటి, రెంటి మరలూ ఒకదాంట్లో ఒకటి దిగేలా ఆనించి దీపం ముందు పట్టుకో. ఒకే రకం అయితే వెలుతురు కనబడదు. కాకపోతే నాలుగైదు చుట్ల తర్వాత పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి సందులు మెరుస్తాయి. బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌దీ మెట్రిక్‌దీ 60. అది కూడా అక్కడే పట్టుబడుతుంది.

8.8 అంకెలున్నది నిస్సందేహంగా తర్వాతదే, ఆ కాలంలో ఆ అంకెలు లేవు. నట్టులో నైలాన్ రింగు ఉన్నా తర్వాతదే. మూడు గీతలంటే అమెరికన్ గ్రేడ్ 5, బలమైన బోల్టే, ఇవాళ కూడా దొరుకుతుంది. స్క్రూ తలలో నక్షత్రం గాడి మధ్యలో ఇంకో నాలుగు సన్న గీతలుంటే అది పోజీడ్రైవ్, 1960లలో వచ్చింది. గీతల్లేని మామూలు ఫిలిప్స్ ఉంటే కంగారుపడకు, అది 1930ల నుంచీ ఉంది. అంగుళాల మర ఉంది కదా అని మాత్రం పొంగిపోకు. మహీంద్రా వాళ్లు 1940ల చివరి నుంచి ఇక్కడ జీపులు బిగించారు, వాటికీ అంగుళాల బోల్టులే. మీ తాతగారి కాలంలో ఏ ఊరి కొట్లో అయినా అవి దొరికేవి.

కాబట్టి తలమీది గుర్తు సగమే చెప్తుంది. మిగతా సగం ఆ బోల్టు కూర్చున్న చోట ఉంది. బకెట్లో పోసినప్పుడు పోయింది అదే. నాకు నీ మెకానిక్ మీద కోపం వచ్చింది స్టడ్లు తెగ్గొట్టినందుకు కాదు, ఇందుకు.

అయినా అంతా పోలేదు. బోల్టు తల కింద, వాషర్ కింద ఇనుము మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. అక్కడ ఏ రంగు ఉందో చూడు. మీ బండికి ఎన్ని రంగులు వేశారో మీ నాన్నగారిని అడుగు. అడుగున మిలిటరీ ఆకుపచ్చ ఉంటుంది. దానిమీద ఏం వేశారు, ఎప్పుడు వేశారు? ముద్రలో ఆకుపచ్చ ఒక్కటే ఉండి, తర్వాతి రంగులు వాషర్ అంచు దగ్గర ఆగిపోతే, సైన్యం వదిలేశాక ఆ బోల్టు కదల్లేదన్నమాట. వాషర్ కింద తర్వాతి రంగు కూడా ఉంటే, ఆ రంగు వేశాకే దాన్ని విప్పి మళ్లీ బిగించారు. తలమీద ఎఫ్ ఉన్నా సరే.

వెనక సగం విప్పేటప్పుడు బకెట్ వాడకు. పెద్ద అట్ట పెట్టె చింపి, దానిమీద బండి వెనక భాగం బొమ్మ గీసుకో. తీసిన బోల్టుని నట్టు, వాషర్లతో సహా అదే చోట అట్టకి గుచ్చి బిగించు. విప్పే ముందు ఫోనుతో తల ఫొటో తీసుకో.

శుభ్రం చెయ్యడానికి గ్రైండరుకి వైర్ బ్రష్ తగిలించావా? తగిలించి ఉంటే ఆపెయ్. లోతు తక్కువ గుర్తులు పోతాయి. అంతకంటే ముఖ్యంగా, తెల్లగా మసకగా పూత ఉన్న పాత బోల్టులు కాడ్మియం కావచ్చు. ఆ దుమ్మూ, వేడిచేస్తే వచ్చే పొగా విషం. గ్లవ్స్ వేసుకుని కిరసనాయిలులో మెత్తటి బ్రష్‌తో కడుగు, చాలు. పూత పూర్తిగా పోయి ఒట్టి తుప్పు మిగిలినవాటిని రాత్రంతా చింతపండు పులుసులో నానెయ్. తెల్లారేసరికి గుర్తు కనిపిస్తుంది. మీది చింతపండు ఇల్లే కదా. పూత మిగిలినవి మాత్రం పులుసులో వెయ్యకు, ఆ పులుపు కాడ్మియంని కరిగిస్తుంది. స్టీరింగు బోల్టులు కూడా వద్దు, గట్టి ఉక్కు పులుపులో నానితే పెళుసెక్కుతుంది.

గోకవరం_జీపు:

ఆకురాయి గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. అవునండీ, వైర్ బ్రష్ వేశాను. ఓ ముప్పై బోల్టులకి. మాస్కు కూడా లేదు. ఆపేశాను.

రేడియేటర్ కింద చూశాను. తొట్టి బోర్లించినట్టే ఉంది. అంటే ఫోర్డ్! పట్టీ మీద నంబరు కోసం స్ట్రిప్పర్ రేపు రాజమండ్రి నుంచి తెస్తాను. ఇంజన్ బ్లాకుకి కుడి పక్క, ఆయిల్ ఫిల్టర్ దగ్గర నంబరు దొరికింది, కానీ అది ఎంబీ అని మొదలవుతోంది. అంటే ఇంజన్ విల్లీస్‌ది. ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది.

రంగుల గురించి నాన్నని అడిగాను. తాతయ్య కొన్నాక బూడిద రంగు వేయించారట. నేను పుట్టిన ఏడాది, 1979లో, నాన్న నీలం వేయించారు. ఆ తర్వాత రంగు వెయ్యలేదు.

డెట్రాయిట్_దగ్గర:

నేను ఉండేది మిషిగన్‌లో, సొంతూరు తెనాలి. ఇక్కడ పాత బళ్ల సంతలకి ఎక్కువగా వెళ్తుంటాను. జీపు పిచ్చి నాకూ ఉంది కానీ గరాజీలో చోటు లేదు. అందుకే ఒక్క రేడియేటర్ గ్రిల్లూ, రెండు జెర్రీ క్యాన్లూ మాత్రమే కొన్నాను. మా ఆవిడకి మాత్రం ఒక క్యానే తెలుసు.

ఫోర్డ్ ఛాసిస్‌లో విల్లీస్ ఇంజన్ చూసి కంగారుపడకండి. రెండు కంపెనీల భాగాలూ ఒకదానికొకటి సరిపోవాలన్నదే సైన్యం పెట్టిన షరతు. మరమ్మతు డిపోల్లో చేతికి దొరికింది బిగించేవాళ్లు. ఫోర్డ్ బండిలో విల్లీస్ ఇంజనూ, విల్లీస్ బండిలో ఎఫ్ బోల్టులూ ఇక్కడా మామూలే. 1944లో బాడీలు కూడా ఇద్దరికీ అమెరికన్ సెంట్రల్ అనే ఒకే కంపెనీ నుంచి వచ్చాయి. మీది నిజంగా 1944దే అయితే బాడీని చూసి ఎవరిదో తేల్చాలంటే కష్టం. ఛాసిస్‌నే నమ్మండి.

ఫోర్డ్ బోల్టులకి కూడా గుర్తు ఎందుకు వేసిందంటే, విల్లీస్ చేసిన భాగం చెడిపోయి ఆ నింద తమ నెత్తిన పడకుండా అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇంకో విషయం జాగ్రత్త. ఎఫ్ గుర్తు బోల్టులు ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. ప్లాస్టిక్ సంచుల్లో కిట్లుగా వస్తాయి. మీ బండి 1991 నుంచి పాకలో ఉంది కాబట్టి బకెట్లోవి పాతవే. కానీ రేపు ఆన్‌లైన్‌లో ఎవరైనా "అసలు ఫోర్డ్ బోల్టులు, వాడనివి" అని అమ్మజూపితే ఆలోచించండి. నేను ఒక కిట్ కొని పాతవాటి పక్కన పెట్టి చూశాను. కొత్తవాటిలో ఎఫ్ అన్నిటిమీదా ఒకే లోతు, ఒకే పరిమాణం, అంచులు బ్లేడులా పదును. పాతవాటిలో ఒకదాని మీద ఎఫ్ లావుగా, ఇంకోదాని మీద సన్నగా, కొన్నిటిమీద ఒక పక్కకి జరిగి ఉంది. ఫోర్డ్ జీపులు డియర్‌బోర్న్, లూయివిల్, డాలస్, రిచ్‌మండ్ లాంటి చాలా చోట్ల బిగించారు, బోల్టులు ఎన్నో అచ్చుల నుంచి వచ్చి ఉంటాయి. అన్నీ ఒకేలా ఉంటేనే నాకు అనుమానం వస్తుంది.

కొత్త కిట్ బోల్టులు తప్పేమీ కాదు. పోయినచోట వేసుకోండి. అమ్మేటప్పుడు మాత్రం ఫ్యాక్టరీవని చెప్పకండి.

గోకవరం_జీపు:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సెలవు ఇంకో మూడు రోజులు పొడిగించుకున్నాను. మా టీమ్ లీడ్‌కి జ్వరమని చెప్పాను, అది అబద్ధం కాదు, ఒకలాంటి జ్వరమే ఇది.

నంబరు దొరికింది! స్ట్రిప్పర్ మూడుసార్లు రాశాను. మొదట నీలం ముడతలు పడి లేచింది, తర్వాత బూడిద, చివరికి ఆకుపచ్చ. గుడ్డతో తుడుస్తుంటే ముందు జీ, తర్వాత పీ, తర్వాత డబ్ల్యూ, ఆరంకెలు. నాన్నని పిలిచాను. ఆయన చేత్తో తడిమి చూసి, "ఏభై ఏళ్లు దీన్ని విల్లీస్ అని పిలిచాం కదరా" అన్నారు.

మీరు చెప్పినట్టు ముద్రలు చూసుకుంటూ బకెట్‌లోవి వేరు చేశాను. బానెట్ కీళ్ల దగ్గర రంధ్రాల చుట్టూ ఆకుపచ్చ ఒక్కటే ఉంది, నీలం అంచు దగ్గర గీసినట్టు ఆగిపోయింది. ఆ సైజు బోల్టులు ఎఫ్ గుర్తువే, తల పక్కల్లో కూడా ఆకుపచ్చ మిగిలి ఉంది. అవి అక్కడివే. మడ్‌గార్డుల దగ్గర ముద్రలో నీలం ఉంది, 8.8 అంకెలవి అక్కడివే అయ్యుండాలి. నాన్న ట్రాక్టరు మెకానిక్‌తో మడ్‌గార్డులు మార్పించారట, లెక్క సరిపోయింది. స్టీరింగు బాక్సు దగ్గర బూడిద ఉంది, నీలం లేదు. అంటే తాతయ్య కాలంలో విప్పారు. అక్కడి బోల్టుల తల 13.3 వచ్చింది, బ్రిటిష్‌వి! వాటిని ఛాసిస్ రంధ్రాల్లోంచి దూర్చి నట్టు వేశారు కాబట్టి మర పాడవలేదు.

తికమక పెట్టింది బ్యాటరీ పళ్లెం ఒక్కటే. అక్కడి బోల్టు నేనే స్వయంగా తీశాను కాబట్టి గుర్తుంది. తలమీద ఎఫ్ ఉంది, శుభ్రంగా. కానీ దాని కింద నీలం రంగు ఉంది. ఆకురాయి గారు చెప్పకపోతే ఎఫ్ ఉంది కదా అని అసలు చోటేనని రాసుకునేవాణ్ణి. నీలం వేశాక దాన్ని విప్పి మళ్లీ బిగించారు, లేదా ఇంకెక్కడిదో తీసి అక్కడ వేశారు.

37 అనుకున్న ఎఫ్ బోల్టులు చింతపండు పులుసు తర్వాత 52 అయ్యాయి. వైర్ బ్రష్ వేసిన ముప్పైలో ఎన్ని పోయాయో ఇక తెలియదు. అమ్మ మాత్రం కొత్త చింతపండు వాడినందుకు గొడవ చేసింది, పాతది ఇచ్చేదాన్ని కదా అంది.

వెనక సగం అట్టకి గుచ్చుతున్నాను. టీవీ పెట్టె అట్ట.

ఇంకా తేలనిది ఆ వింత బోల్టు. సైజు 3/8, అంగుళానికి 16 చుట్లు. స్పేర్ చక్రం బిగించే బ్రాకెట్‌ది అని నాన్న గుర్తుపట్టారు. తల మీద సన్న సన్న గీతలు, ఒక పక్క ఎక్కువ అరిగి ఉంది.

ఆకురాయి:

ఆ గీతలు నా పేరే. ఆకురాయితో రాసి ఆరు పలకలు తీశారు. ఫ్యాక్టరీ బోల్టు తల పక్కల్లో అలాంటి అడ్డగీతలు ఉండవు. 3/8కి 16 చుట్లంటే విట్‌వర్త్, అంటే పాత బ్రిటిష్ ముతక మర కావచ్చు, అమెరికన్ ముతక మర కావచ్చు, రెండింటికీ 16లే. దీపం ముందు పట్టి కోణం చూడు. 55 అయితే విట్‌వర్త్. ఆ రోజుల్లో మన కమ్మరి దగ్గరైనా చిన్న లేత్ షాపులోనైనా ఉండేది విట్‌వర్త్ డైనే. కడ్డీకి డై వేసి మర కోసి, తల కొలిమిలో కొట్టి ఉంటారు.

దాని నట్టు కూడా అదే జతగా ఉందా? ఉంటే విడదీయకు. 3/8 అమెరికన్ ముతక నట్టు దానిమీద ఎక్కినట్టే ఉంటుంది, కానీ సరిగ్గా కూర్చోదు.

స్టీరింగు బాక్సుకి మాత్రం ఆ బ్రిటిష్ బోల్టులు మళ్లీ వెయ్యకు. పాతవని ముచ్చటపడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. గ్రేడ్ 5 కొత్తవి వెయ్, పాతవి డబ్బాలో రాసి పెట్టుకో.

గోకవరం_జీపు:

దీపం ముందు పట్టాను. 16 చుట్ల అమెరికన్ ముతక బోల్టు నాన్న ట్రాక్టరు సామాన్లలో ఒకటి దొరికింది, దానితో జత కలవలేదు, సందులు మెరిశాయి. విట్‌వర్తే. నట్టు కూడా దానిదే, నాలుగు పలకల నట్టు. అడ్డతీగలలో ఒక కమ్మరి కొట్టి ఇచ్చాడని, ఆ రోజు తాతయ్యతో తనూ ఉన్నానని నాన్న ఇప్పుడు చెప్తున్నారు. ఇన్నేళ్లు ఒక్కసారీ ఎందుకు చెప్పలేదో మరి. స్పేర్ చక్రానికి అదే వేస్తున్నాను.

స్టీరింగుకి గ్రేడ్ 5 ఆర్డర్ పెట్టాను.

ఇక నాకు కావాల్సింది ఎడమ పక్క చక్రానికి రెండు స్టడ్లు, అర అంగుళం, 20 చుట్లు, ఎడమ మర. నట్లు ఉన్నాయి, స్టడ్లే లేవు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు కొట్లు అడిగాను, కుడి మరవే చూపిస్తున్నారు. ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా కోసిచ్చే లేత్ మనిషి ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి. ఆదివారం రాత్రి బస్సుకి వెళ్లిపోతున్నాను.